పార గుచ్చిన వంతు

నౌపడ ఉప్పు మళ్లలో పనిచేసే రోజుల్లో ఒక వైశాఖం మధ్యాహ్నం నా నీడ ఉప్పు కట్టేసి నేలకి అతుక్కుపోయిందనీ, పారతో చెక్కి చెక్కి విడదీసుకునేసరికి పొద్దు కుంకిందనీ, రాలిన ముక్కల్ని మా ఆవిడ మూడేళ్లు చింతకాయ పచ్చడిలో వాడిందనీ రాజాం టీ కొట్టు దగ్గర నేను చెబుతూ ఉంటాను. నమ్మినవాడు ఒక్కడూ లేడు. వినకుండా లేచిపోయినవాడూ లేడు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది మీరు ఎలా తీసుకుంటారో నాకు తెలుసు. ఎలాగైనా తీసుకోండి. ఇందులో ఒక మనిషి పోయింది. పేరు దాలమ్మ. కోతలు కొయ్యడంలో నాకు సరిజోడు ఈ రెండు జిల్లాల్లో ఆవిడ ఒక్కతే.

నా చదువు మా ఊరి బడిలో ఐదో తరగతితో ఆగింది. అరవై ఎనిమిదో ఏట మళ్లీ బయల్దేరి నేరుగా ఇంజనీరింగు కాలేజీలో చేరాను, అటెండరుగా. నాకిచ్చిన పని క్లస్టర్ గది చూసుకోవడం. క్లస్టర్ అంటే ఒక కంప్యూటర్ కాదు. పదహారు కంప్యూటర్లని అద్దాల గదిలో నిలబెట్టి, తీగలతో ముడేసి చేయించే ఉమ్మడి కాపురం. ఊరి చెరువులాగే అది ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. గంటకోసారి గది వేడి చూసి రిజిస్టరులో రాయాలి. ఏసీ కింద నిండిన బక్కెట్టు పారబొయ్యాలి. కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి. పిల్లలు ఆ గదిలోకి అడుగు పెట్టరు. పక్క గదిలో బల్లల ముందో, వసారాలో సొంత లాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకునో, దూరం నుంచే దానితో మాట్లాడతారు.

మాట్లాడే పద్ధతులు రెండని ల్యాబు ఇన్‌ఛార్జి ఇమ్మానుయేలు గారు మొదటి వారమే చెప్పారు. నేను దాన్ని నా బుర్రకి పట్టేలా తిప్పుకున్నాను. ఒకటి రైసు మిల్లు పద్ధతి. ధాన్యం బస్తా మీద పేరు రాయించి ఇంటికి పోతావు. వంతు వచ్చినప్పుడు మిల్లు ఆడుతుంది. సాయంత్రం బియ్యమో నూకలో తెచ్చుకుంటావు. నూకలే వస్తే ఎక్కడ చెడిందో నీకూ తెలియదు, మిల్లుకీ తెలియదు. రెండోది మిల్లు పక్కనే కూర్చుని గుప్పెడు పోసి, ఆపి, వేలితో తీసి చూసి, మళ్లీ గుప్పెడు పొయ్యడం. దాన్ని ఇంటరాక్టివ్ సెషన్ అంటారు. రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడ దాక్కుందో పట్టుకోవాలంటే అలా ఎదురుగా కూర్చోవాల్సిందే.

అలా కూర్చోడానికి పదహారింటిలో రెండే విడిచిపెట్టారు. అందులో ఒకటి మే నెల ఎండలకి చెడి ఊరుకుంది. మిగిలింది ఒకటి. ఎవరికైనా నాలుగు గంటలే వంతు, ఆ తర్వాత తనంతట తానే తెగిపోతుంది. మధ్యలో పావుగంట పాటు ఏ మీటా నొక్కకపోతే, మనిషి లేచిపోయాడని అప్పుడే తెగ్గొట్టి వెనకున్నవాడికి ఇచ్చేస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

దాలమ్మ కూతురు హేమ. మా కాలేజీలోనే పరిశోధన చేస్తోంది. వాళ్లది నాగావళి ఒడ్డున ఒక పల్లె. వేసవిలో ఏరు సన్నబడి పాయలుగా చీలిపోతే, మధ్యలో తేలిన ఇసుక దిబ్బల మీద ఆ ఊరి ఆడవాళ్లు పుచ్చపాదులు, దోసపాదులు పెడతారు. వాన ఇక్కడ పడకపోయినా పైన రాయగడ కొండల్లో పడితే చాలు, ఏరు చెప్పకుండా వచ్చేస్తుంది. హేమ రాసిన ప్రోగ్రాము పని అదే. కొండల మీద వాన కొలిచే పెట్టెల నుంచి గంట గంటకీ వచ్చే అంకెలు తీసుకుని, కింద నీళ్లు ఎప్పుడు ఎంత లేస్తాయో లెక్కగట్టి, నలభై ఇళ్ల ఫోన్లకి కబురు పంపుతుంది. సర్కారు కబురు కాదు. పరీక్ష కోసం ఒక పిల్ల తన ఊరికి పంపుకునే కబురు.

దాలమ్మ శనివారాలు పుచ్చకాయల సంచీతో కూతుర్ని చూడ్డానికి వచ్చేది. వరసకి ఏమీ కాకపోయినా మొదటి రోజే నన్ను బావని చేసుకుంది.

"ఏటి బావా, ఇంకా ఉన్నావేటి?"

"నిన్నొకసారి సూసీసి పోదామని ఆగాను మరదలా."

"అయితే ఈ కాయ తిని పో. ఈయేడు మా దిబ్బ మీద ఒక కాయ కాసింది బావా, కత్తి దింపితే లోపల్నించి మే మే అని గోల. సూస్తే మా గొర్రెలు. మాఘంలో తప్పిపోయినాయి సూడు, ఆ రెండే. తొలుసుకుని లోపలికెల్లి, తిని తిని బలిసి, బయటికి రానేక అక్కడే కాపురం పెట్టీసినాయి."

నేను ఊరుకుంటానా? "గొర్రెలేనా? మా ఊళ్లో పుచ్చకాయలో పెళ్లే జరిగింది. సన్నాయి మేళంతో."

"నాకు తెల్దేటి? ఆ పెళ్లికి నానూ వచ్చినాను. పప్పులో ఉప్పు నేదు."

అరవయ్యేళ్లలో నన్ను అలా నోరు మూయించినవాళ్లు లేరు. హేమ సిగ్గుపడి, "అమ్మా, ల్యాబులో ఏటిది" అని చెయ్యి పట్టుకుని లాగింది. దాలమ్మ కదల్లేదు. "ఒలే, మీ ఫోన్ల లిస్టులో బావ పేరు కూడా రాయే. ఏరొచ్చిందంటే పరిగెత్తడం నేర్చుకుంటాడు" అంది. హేమ నవ్వి నా నంబరు కూడా రాసింది.

ఏప్రిల్లో ఆ ప్రోగ్రాము రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఏరు నిలువెత్తు లేస్తుందని కబురు వచ్చింది. ఆడవాళ్లు కోసిన కాయలు వదిలేసి, చీరలు ఎగదోపుకుని ఒడ్డుకి పరిగెత్తారు. ఏట్లో మోకాలి లోతు కూడా పెరగలేదు. రెండోసారి, సరుకు కోసం వచ్చిన లారీవాడు ఖాళీగా తిరిగిపోతూ, ఊళ్లోకొచ్చి బూతులు తిట్టి మరీ పోయాడు. హేమ గైడు గారు, తప్పు దొరికేదాకా కబుర్లు ఆపెయ్యమన్నారు. ఆ పిల్ల నాలుగుసార్లు మిల్లు పద్ధతిలో వేసి చూసుకుంది. నాలుగుసార్లూ నూకలే. సొంత లాప్‌టాప్‌లో వేస్తే అన్ని అంకెలు మింగలేక అది బిగుసుకుపోయేది. ఎదురుగా కూర్చునే వంతు దొరికితే తప్ప తెగదు. మేలో ఆ వంతు కోసం ఎంటెక్ పిల్లలు కొట్టుకుంటున్నారు, ప్రాజెక్టులు అప్పగించే వారం.

నేనేం చేశానంటే, ఎగతాళి చేశాను. "ఏమ్మా, నీ మిషను నాకన్నా పెద్ద కోతలరాయుడు. నాకు టీ కొట్టులోనే పేరు, దానికి నలభై ఇళ్లలో పేరు" అనేవాణ్ణి. మొదట్లో నవ్వేది. తర్వాత తర్వాత తల దించుకుని వెళ్లిపోయేది. అది నేను గమనించాను. గమనించీ మానలేదు.

ఆ మంగళవారం పొద్దున్నే సముద్రంలో వాయుగుండం పడిందన్నారు. రాజాంలో చినుకు లేదు, వేడిగాలి. పడమటి కొండల వైపు మాత్రం ఆకాశం మసిబట్టిన మూకుడులా ఉంది. హేమ వసారాలో గోడకి చేరగిలబడి లాప్‌టాప్ తెరిచింది. నేను బక్కెట్టు పట్టుకుని పోతూ, "ఏమ్మా, ఈ రోజు ఎన్ని ఏనుగులు కొట్టుకొస్తాయి?" అన్నాను.

లాప్‌టాప్ మోకాళ్ల మీదికి ఇంకా దగ్గరగా లాక్కుంది.

పక్క బల్లల గదిలో గిరిబాబు ఉన్నాడు. ఎంటెక్ ఆఖరి ఏడు. పొద్దున్న ఆరింటి నుంచి కాచుకుంటే పదిన్నరకి వాడికి వంతు వచ్చింది. పట్టుమని పది నిమిషాలు కూర్చున్నాడో లేదో ఫోను మోగింది. మాట్లాడి, తల పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మావా, నాకో పుణ్యం కట్టుకో. మా ప్రొఫెసరు గారి తోడల్లుడు సీపురుపల్లిలో రైలు దిగుతాడంట. కారేసుకుని ఎల్లమంటన్నారు. ఇది వదిలీసినానంటే మళ్లీ ఎల్లుండి గానీ రాదు."

"నన్నేటి సెయ్యమంటావురా? నీ ప్రోగ్రాం రాసీమంటావా? ఐదో క్లాసు పాసైనాను, రాసీగలను."

"పది నిమిషాలకోసారి ఈ ఎంటర్ మీట నొక్కు సాలు. ఇంకేటీ ముట్టుకోకు."

"ఎవులైనా అడిగితే?"

"నా వంతని సెప్పు."

ఇక్కడ మీకు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా చెరువు కింద నీళ్లకి వంతులు ఉండేవి. వంతు వచ్చినవాడు కాలవ గట్టుకి గండి పెట్టి, గట్టు మీద తన పార నిలువుగా గుచ్చేవాడు. పార నిలబడి ఉన్నంతసేపూ ఆ నీళ్ల జోలికి ఎవరూ రారు. అన్నానికో అవసరానికో ఇంటికి పోవాల్సివస్తే పార పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి పోయేవాడు. ఆ కూర్చున్నవాడికో నీతి ఉంది. నీళ్లెవరివని అడిగితే వంతుగాడి పేరే చెప్పాలి. వంతుగాడు లేడని మాత్రం చచ్చినా చెప్పకూడదు. లేడన్నావంటే పార నువ్వే పీకినట్టు. ఇరవై ఏళ్లు నేను ఎందరి పారలకో అలా కాపలా కూర్చున్నాను. ఒక్కరి వంతూ పోనివ్వలేదు. ఉప్పు నీడ గురించి నేను చెప్పింది అబద్ధం, ఇది కాదు.

అందుకని గిరిబాబు అడిగింది నాకు వింతగా తోచలేదు. ఈ చదువులన్నీ చూశాక, నాకు తెలిసిన పని ఒకటి ఈ గదిలోనూ ఉందని సంబరపడ్డాను కూడా. బల్లకున్న చెక్క అడ్డు వెనక వాడి కుర్చీలో కూర్చున్నాను. వాడి సంచీ కుర్చీకే వేలాడుతోంది. పదీ నలభైకి మొదటిసారి నొక్కాను. తెర మీద ఒక ఖాళీ వరస కింద ఇంకో ఖాళీ వరస వచ్చింది. అంతే. రిజిస్టరులోంచి ఒక కాగితం చింపి, దాని వెనక పెన్సిలుతో ఒక గీత గీశాను. కాపలాలో ఎన్నిసార్లు గట్టు చూసి వచ్చామో అలా గీతలు పెట్టుకోవడం అలవాటు.

వసారాలో హేమకి తన తెర మీద కనబడుతోందట: ఆ ఒక్క మిషనూ గిరిబాబు చేతిలో ఉంది, రెండున్నరదాకా. వెనకున్న మొదటి పేరు తనదే. ముందు ఇమ్మానుయేలు గారి దగ్గరికి వెళ్లిందట. ఆయన చూసి, "మీటలు నొక్కుతూనే ఉన్నాడమ్మా, పనిలో ఉన్నాడు. అప్పగించే వారంలో పనిచేసేవాడిది మధ్యలో తెగ్గొడితే వాడి పొద్దంతా నేలపాలు. రెండున్నర ఎంతసేపు?" అన్నారట. కిందటేడు ఎవరో అలాగే తెగ్గొడితే హేమకి మూడు రోజుల పని పోయింది. ఆ బాధ తెలిసిన పిల్ల. గట్టిగా అడగలేకపోయింది.

పదకొండుకి బల్లల గది గుమ్మంలోకి వచ్చింది. మూడో గీత అప్పుడే గీశాను.

"తాతా, గిరి పని సేస్తన్నాడా?"

అడ్డు మీంచి తల బయటపెట్టాను. "వంతు గిరిబాబుదేనమ్మా. పని జరుగుతన్నాది."

"ఎంతసేపు పడతాదో ఏటైనా సెప్పాడా?"

"సెప్పనేదు. పూర్తి వంతూ వాడుకుంటాడేమో."

వాడు అడ్డు వెనకే ఉన్నాడనుకుంది. నేను అనుకోమనలేదు, వద్దనీ అనలేదు. గదిలో నాలుగు బల్లలు ఖాళీగా ఉన్నాయి. "ఖాళీలున్నాయి గదమ్మా, ఏదో ఒకటి కూసో" అన్నాను. వంతు అంటే ఆ బల్లా ఆ కుర్చీయే అని నిజంగానే నా నమ్మకం. నేను నొక్కే మీట అద్దాల గదిలోని ఆ ఒక్కగానొక్క మిషనుని పట్టుకుని కూర్చుందని నాకు తెలియదు.

"బల్ల కాదు తాతా..." అని ఏదో చెప్పబోయింది. నా మొహం చూసింది. నా నోట్లో ఏనుగుల మాట సిద్ధంగా ఉంది, పెదాల మీద కనబడే ఉంటుంది. మాట మింగేసింది. "ఏటీ నేదు" అంది. పోతూ పోతూ, కుర్చీ వదలకుండా కూర్చున్నానని కాబోలు, కూలర్ దగ్గర గ్లాసుతో నీళ్లు పట్టి తెచ్చి నా ముందు పెట్టింది.

తాగాను. చల్లగా ఉన్నాయి.

తర్వాత ఆ పిల్ల తల్లికి ఫోను చేసింది. ఈ మాటలు నాకు పన్నెండో రోజు అయ్యాక తనే చెప్పింది.

"అమ్మా, ఎందుకైనా మంచిది, ఒడ్డుకొచ్చీ."

"మిషను సెప్పిందేటి, నువ్వు సెప్తన్నావేటి?"

"నేనే."

"రెండుసార్లు పరిగెత్తించినావు. ఇక్కడ ఆడోలందరూ నన్ను సూసి నవ్వుతన్నారే. మూడింటికి లారీ వస్తాది. మిషను సెప్పినప్పుడు సెప్పు, ఉన్నపళంగా వచ్చేస్తాను."

"రెండున్నరకి నాకు మిషను వస్తాది. సూసి సెప్తాను. అప్పుడు సిగ్నలు తగిలే కాడే ఉండు అమ్మా, నీకు ఫోను తగలక సస్తన్నాను."

ఆ ఏట్లో సిగ్నలు తగిలేది ఒక్క చోటే. ఒడ్డు నుంచి రెండు పాయలు దాటాక, అన్నిటికీ అవతల ఉన్న ఎత్తు దిబ్బ.

నేను పదేసి నిమిషాలకి నొక్కుతూ వచ్చాను. అన్నానికి కూడా లేవలేదు, తెచ్చుకున్న క్యారేజీ అక్కడే తిన్నాను. ఒంటిగంటకి గిరిబాబు ఫోను చేశాడు. రైలు లేటట. "నొక్కుతన్నావా మావా?" అంటే, "నీ పార కదల్లేదురా" అన్నాను. రెండూ ఇరవైకి ఇరవైమూడో గీత. రెండున్నరకి తెర మీద ఏవో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చి, అంతా ఆగిపోయింది. వంతు నిలబెట్టానన్న తృప్తితో కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఏసీ బక్కెట్టు నిండిపోయి ఉంటుందని లేచాను.

వసారాలో హేమ లాప్‌టాప్ మీదికి వంగిపోయి ఉంది. నేను బక్కెట్టుతో వెనక నిలబడ్డా తెలియలేదు. ఒక వరస నడిపిస్తోంది, ఆపుతోంది, లోపల ఏముందో అడుగుతోంది, మళ్లీ ఒక వరస. మిల్లు పక్కన కూర్చోవడమంటే ఏమిటో అప్పుడు కళ్లారా చూశాను. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఒక చోట ఆగి, తెరకేసి చూస్తూ, తనలో తను అనుకున్నట్టు అంది.

"కబురు రాకపోతే సున్నా వేసుకుంటన్నాది."

"ఏటమ్మా?"

"కొండ మీద పెట్టె తడిసి ఆగిపోతాది తాతా. కబురు పంపదు. ఇది వాన నేదనుకుని సున్నా వేసుకుంటన్నాది. ఆ తర్వాత పెట్టె మళ్లీ పనిచేసి ఆరు గంటల వాన ఒక్కసారే సెప్తే, ఒక్క గంటలో పడిందనుకుని గోల పెడతాది. అప్పుడు రెండుసార్లూ అదే." నా వైపు తిరిగింది. "పొద్దున్న ఏడింటి నించి పై కొండ పెట్టెలు మూడూ సున్నా."

ఆ ఖాళీల్లో పనిచేస్తున్న పక్క పెట్టెల లెక్క నింపి మళ్లీ నడిపింది. అంకె వచ్చింది. అది ఎంతో నాకు తెలియదు. ఆ పిల్ల ఫోను అందుకున్న తీరు చూస్తే తెలిసింది. మూడుకి ఐదు నిమిషాలు తక్కువ. స్పీకరులో పెట్టి నేల మీద ఉంచింది.

"అమ్మా, వచ్చీ! ఇప్పుడే వచ్చీ! ఈసారి మిషనే సెప్పింది."

అవతల లోడు లారీలు వరసగా పోతున్నట్టు ఒకటే మోత. అందులోంచి దాలమ్మ గొంతు.

"వచ్చీసిందే. నీ మిషను కన్నా ఏరే ముందొచ్చీసింది."

"నువ్వెక్కడున్నావు?"

"నువ్వుండమన్న కాడే. సిగ్నలు దిబ్బ మీద."

"మిగతావోలు?"

"లారీ కాడ ఉన్నారు, ఒడ్డెక్కీసినారు. రెండు పాయలూ ఒకటైపోనాయే. నాను దాటనేను."

నేను ఫోను మీదికి వంగాను. "మరదలా, దేన్నయినా పట్టుకో. నాలుగు పుచ్చపాదులు కలిపి..."

"ఎవులు, బావేనా?" ఆవిడ గొంతులో ఇంకా ఆ ఎకసెక్కం ఉంది. నమ్మరేమో, ఉంది. "ఇక్కడేటున్నాది పట్టుకోడానికి? ఆ గొర్రెలున్న కాయ ఉన్నా ఎక్కీసి వచ్చేద్దును బావా." ఒక్క క్షణం మోతే వినబడింది. తర్వాత, "ఒలే హేమా..."

అంతే. ఆ మాట తర్వాత ఏముందో ఎవరికీ తెలియదు.

మూడో రోజున, చాలా దిగువన, తుమ్మ కంపలో దొరికింది.

ఆ మంగళవారం సాయంత్రం గిరిబాబు సంచీ కోసం వచ్చాడు. ఇమ్మానుయేలు గారు వాణ్ణి ఆపి, "నాలుగు గంటలు ఏం చేశావయ్యా? మొదటి పది నిమిషాలు తీసేస్తే నీ సెషన్లో అన్నీ ఖాళీ వరసలే" అని అడిగారు. వాడు నా వైపు చూడకుండా, "ఆలోచిస్తన్నాను సార్" అన్నాడు. "నువ్వు ఆలోచించుకోడానికి ఉన్న ఒక్క మిషనూ పట్టుకుని కూర్చున్నావు. బయట ఆ పిల్ల దానికోసమే మూడున్నర గంటలు కాచుకుంది" అన్నారాయన.

అప్పుడు తెలిసింది నాకు. బల్ల కాదు తాతా అని ఆ పిల్ల ఎందుకందో.

బయటికొచ్చాక గిరిబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. "మావా, నువ్వు నొక్కినావని తెలిస్తే నా డిగ్రీ పోతాది. ఆ పిల్ల అక్కడ కాస్తన్నాదని నాకు తెల్దు, ఒట్టు."

"నాకూ తెల్దురా" అన్నాను. మేమిద్దరం చెప్పింది నిజమే. ఆ నిజం దేనికీ పనికిరాదు.

పది రోజులు దాన్ని కడుపులో పెట్టుకున్నాను. ఆపలేక ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర బయటపెట్టాను. అలవాటైన జనం చుట్టూ చేరారు. మీట నొక్కడం దగ్గర మొదలుపెట్టి, పాయలు ఒకటవడం దాకా చెప్పాను. అయిపోయాక జగన్నాధం, ధాన్యం కమీషను వ్యాపారి, తొడ చరుచుకుని పడీ పడీ నవ్వాడు. "సూసినార్రా! రాజాంలో కూసుని ఏలితో మీట నొక్కితే నాగావళి కొట్టుకొచ్చిందంట! ఉప్పు నీడ కన్నా ఇదే పెద్దది మావా!" అందరూ నవ్వారు. బెంచీ చివర గిరిబాబు కూర్చుని ఉన్నాడు. వాడొక్కడే నవ్వలేదు. గ్లాసులో సగం టీ వదిలేసి వెళ్లిపోయాడు.

పన్నెండో రోజు అయ్యాక హేమ కాలేజీకి వచ్చింది. పక్క గదిలో, గిరిబాబు కూర్చున్న బల్ల దగ్గరే కూర్చుంది. ఏమీ తెరవలేదు. నేను నిలబడి ఉన్నాను.

"తాతా, అమ్మని నేనే సంపీసాను" అంది. ఏడుపు లేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. "సిగ్నలు దిబ్బ మీదుండమని నేనే అన్నాను. నేను ఫోను సెయ్యకపోయుంటే లారీ కాడే ఉండేది, అందరితోటీ ఒడ్డెక్కీసేది." తల్లితో అన్న మాటలన్నీ అప్పుడే చెప్పింది.

"నువ్వు కాదమ్మా" అన్నాను. "నేను."

అంతా చెప్పాను. చీపురుపల్లి రైలు, ఎంటర్ మీట, పార, వంతుగాడి పేరు. ఆ పిల్ల మొదట్నించీ చివరిదాకా నా మొహమే చూస్తూ వింది. విని, నా మీద జాలిపడింది.

"నా కోసం కత కడతన్నావు తాతా."

"కత కాదు."

"నా మీద పడ్డది నీ మీదేసుకుంటన్నావు. నీకలవాటే గదా. అమ్మ ఉంటే దీనికి ఇంకో ముక్క కలిపేది."

నా జీవితంలో ఎన్ని అబద్ధాలు చెప్పానో, అన్నిటికీ ఆ క్షణం మూల్యం చెల్లించాను. జేబులోంచి కాగితం తీశాను. చెమటకి నలిగి మెత్తబడింది. ముందు వైపు క్లస్టర్ గది వేడి అంకెలు, ఆ మంగళవారం తేదీ. వెనక పక్క పెన్సిలు గీతలు. బల్ల మీద పెట్టాను.

"ఆ రోజు ఖాళీ వరసలు ఎన్నో నీ మిషనునే అడుగు" అన్నాను.

హేమ లేచి ఇమ్మానుయేలు గారి గదిలోకి వెళ్లింది. గిరిబాబు వంతులో నమోదైనదంతా కాగితాల మీద తెచ్చింది. కూర్చుని, వేలు పెట్టి ఒక్కొక్క వరసా లెక్కపెట్టింది. పదీ నలభై. పదీ యాభై. పదకొండు. నా గీతల మీద ఇంకో చేతి వేలు పెట్టి, రెండు చేతులతోనూ కలిపి జరుపుకుంటూ పోయింది. ఇరవైమూడు దగ్గర రెండు వేళ్లూ ఆగాయి.

మళ్లీ వెనక్కి వెళ్లి మూడో గీత మీద వేలు పెట్టింది.

"ఇక్కడ నిన్ను అడిగాను" అంది.

"అడిగావు."

"నీళ్లిచ్చాను."

"ఇచ్చావమ్మా."

కాగితాన్ని నేను మడిచిన మడతలోనే మళ్లీ మడిచి తన సంచీలో పెట్టుకుంది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండును. సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరక్కుండా చెప్పింది.

"రేపు పదిన్నరకి నాకు వంతుంది. ఆ నాలుగు గంటలూ నువ్వీ గదిలో ఉండకు తాతా."

మర్నాడు పదిన్నరకి నేను జనరేటరు రేకుల షెడ్డు కింద నిలబడ్డాను. అక్కణ్ణించి వసారా కనబడుతుంది గానీ మనిషి కనబడదు. పడమట మబ్బు పట్టింది. ఒంటిగంట దాటాక జేబులో నా ఫోను చప్పుడు చేసింది. ఏప్రిల్ తర్వాత హేమ ప్రోగ్రాము కబురు రావడం అదే మొదటిసారి. లిస్టులో నా నంబరు ఇంకా ఉంది. దాలమ్మ రాయించింది. అద్దాలు పెట్టుకుని, ఐదో క్లాసు వాడిలాగే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

"కొండ మీద నుంచి కబురు రాలేదు. వాన ఎంతో తెలియదు. ఏట్లోకి దిగకండి."